జారుతుంది, జాగ్రత్త

హల్ పట్టణంలో నది ఒడ్డున
ముసలివాళ్ళు ఉండే ఇల్లు మాది.
మాది అంటే,
వాళ్ళు పడుకుంటారు, నేను నేల తుడుస్తాను.

మొదటి వారంలోనే డోరీన్ నా మొహం చూసి
"వాతావరణం కింద ఉన్నట్టున్నావే" అంది.
దాని కింద కాక ఇంకెక్కడుంటాను?
కిటికీలోంచి పైకి చూశాను.
ఉంది, బూడిద రంగులో, ఉండాల్సిన చోటే.
ఔనన్నాను.
ఒంట్లో బాగాలేదేమోనని ఇంటికి పంపేసింది.
ఆ రాత్రి కూలి పోయింది.

అప్పుడు కొన్నాను ఈ నోట్‌బుక్.
ఎడమ పక్క మాట, కుడి పక్క దాని గుట్టు.

పన్నెండో గదిలో క్లిఫర్డ్ హార్కర్.
ముప్ఫై ఎనిమిదేళ్ళు ఐస్‌లాండ్ వైపు వెళ్ళి కాడ్ చేపలు పట్టినవాడు,
ఇప్పుడు గ్లాసు పట్టుకోలేడు.
రాత్రి రెండింటికి ఆయనకి నిద్ర రాదు,
నాకు రాకూడదు.
"షిలాన్, ఇవాళ్టిది రాసుకో" అనేవాడు.

కేకు ముక్క అంటే చిటికెలో పని.
ఆ వారం ఆయన కేకు ముక్క మింగడానికి
గంట పట్టింది.

చెయ్యీ కాలూ ఖరీదు అంటే
అందుకోలేనంత ధర.
ఇది వివరించబోతే వద్దన్నాను.
మా ఊరి కొండల్లో మందుపాతర్లుంటాయి.
మా తమ్ముడు హేమన్
తప్పిపోయిన గొర్రెపిల్ల కోసం
ఒక కాలు చెల్లించాడు.
గొర్రెపిల్ల తనంతట తానే ఇంటికొచ్చింది.
ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.
తర్వాత, కొంచెం టీ ఇస్తావా, అన్నాడు.

"నా కళ్ళ మీద" అన్నాను,
సులేమానియాలో అందరం అన్నట్టే.
"కాలుతుంది పిల్లా, బల్ల మీద పెట్టు."

దగ్గొచ్చేదాకా నవ్వాడు.
మర్నాటి నుంచి మాత్ర వేసుకోమంటే చాలు
"నా కళ్ళ మీద" అని డోరీన్‌ని కంగారుపెట్టేవాడు.
ఆమె కళ్ళ డాక్టరుకి ఫోన్ కూడా చేసింది.

హడాక్ చేపకి టోపీ పెట్టకు, అని ఇంకోటి నేర్పాడు.
తెలిసినవాడికి పాఠం చెప్పకు అని అర్థమట.
బస్సులో వాడాను. డ్రైవర్ తెల్లమొహం వేశాడు.
డోరీన్ వినలేదు, డోరీన్ వాళ్ళమ్మా వినలేదు.
నిలదీస్తే
దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు దొంగ.
కొట్టెయ్యలేదు దాన్ని. ఇరవై ఆరో పేజీలో ఉంది.

మంగళవారం రాత్రి బూట్లు మార్చుకుంటుంటే
కొత్తగా చేరిన కుర్రాడు చెప్పాడు,
పన్నెండో గది ముసలాయన బకెట్ తన్నేశాడని.

అయ్యో, నా బకెట్!
తుడుపు కర్ర, రెండు పొడి గుడ్డలు,
'జారుతుంది, జాగ్రత్త' అని రాసిన పసుపు పలక
చంకన పెట్టుకుని పరుగెత్తాను.
దారంతా తిట్టుకుంటూనే ఉన్నాను ఆయన్ని,
మంచం దిగొద్దని ఎన్నిసార్లు చెప్పాలి ఈ మనిషికి,
పడ్డాడో ఏమో, తుంటి విరిగిందో ఏమో.

నేల పొడిగా ఉంది.
నా బకెట్ మూలన,
నిన్న నేను పెట్టిన చోటే, నిటారుగా.
పరుపు మీద దుప్పటి లేదు.
ఎప్పుడూ మూసి ఉండే కిటికీ తెరిచి ఉంది.
మంచం చివర, ఆయన పాదాలుండే చోట,
ఈ ఇంటి పిల్లి ముడుచుకుని పడుకుంది.

కాసేపు అలాగే నిలబడ్డాను.
గుడ్డ తడిపి, పొడిగా ఉన్న నేలంతా
ఒకసారి తుడిచాను.
పసుపు పలక గుమ్మంలో నిలబెట్టాను.
ఎందుకో తెలీదు.

హడాక్ మాట ఈ దేశంలో ఇద్దరికే వచ్చు.

డోరీన్ వచ్చి పక్కన నించుంది.
ఏదో అడిగింది, మళ్ళీ అడిగింది.
చివరికి నా భుజం మీద చెయ్యేసి, మెల్లగా,
"పిల్లి నీ నాలుక ఎత్తుకుపోయిందా అమ్మా?"

ముప్ఫై ఒకటో పేజీ అది.
అర్థం తెలుసు నాకు.
పిల్లి వైపు చూశాను.
ఔనన్నాను.